నోటీసు లేని తొలగింపు
సామాజిక మాధ్యమములకు తొలగింపు తాఖీదులు పంపు కేంద్ర ప్రభుత్వపు సహయోగ్ పోర్టల్‌పై ఎక్స్ సంస్థ వేసిన వ్యాజ్యమును 2025 సెప్టెంబరు 24న కొట్టివేయుచు కర్ణాటక హైకోర్టు, రాజ్యాంగపు 19వ అధికరణము పౌరులకే గాని విదేశీ సంస్థలకు రక్షణ కాదనినది. సరే, కాని ఆ హక్కు గల పౌరుడీ వ్యవహారమున ఎక్కడ? ఐటీ చట్టము 79(3)(బి) క్రింద తాఖీదు సంస్థకు చేరగా, చట్టరక్షణ కోల్పోవుదుమను భీతిచే అది వ్రాతను తుడిచివేయును. ఏ అధికారి ఏ కారణమున తన మాటను మాపించెనో వ్రాసినవానికి తరచు తెలియనే తెలియదు, తెలియనిదానిపై అప్పీలు చేయుటెట్లు? అంతర్జాల సమాచారమును నిరోధించు అధికారమిచ్చు అదే చట్టపు 69ఎ సెక్షనును 2015లో సుప్రీంకోర్టు నిలిపినది, కారణములు లిఖితపూర్వకముగా ఉండవలెనను కట్టుబాటును చూచియే గదా! 79(3)(బి) తాఖీదులను సాధారణముగా సంయుక్త కార్యదర్శికి, పోలీసులలో డీఐజీకి తగ్గనివారే సకారణముగా జారీ చేయవలెనను ఐటీ నియమముల సవరణ 2025 నవంబరు 15 నుండి అమలైనది. అది సగము పని. పసివారిని హింసించు దృశ్యములవంటివి వేరు; తక్కినవాని విషయమున ఆ కారణపత్రము వ్రాసినవానికిని అందవలెను, అతని సమాధానము విన్న పిమ్మటనే తొలగింపు స్థిరపడవలెను.