సేవ చేసేవారికీ హక్కుంది

మంచాన పడిన తల్లిదండ్రులకు సేవ చేయటం గొప్ప పుణ్యకార్యమని మన పిల్లలకు సైతం తెలుసు. పరామర్శకు వచ్చిన బంధువులు రోగి క్షేమం అడిగి, దుఆ చేసి వెళతారు. ఆ రోగికి రాత్రింబవళ్ళు పక్క మార్చి, మందులు వేసి, మలమూత్రాలు శుభ్రం చేసే కూతురినో కోడలినో ‘నీవెలా ఉన్నావమ్మా?’ అని అడిగేవారు అరుదు.

దీర్ఘకాలం రోగి సేవలో ఉన్నవారికి వైద్యులు డిప్రెషన్ అని పిలిచే తీవ్రమైన కుంగుబాటు సోకే ముప్పు ఎక్కువ. నిద్రలేమి అందుకు ఒక ముఖ్య కారణం. రాత్రి డ్యూటీలు చేసే నర్సులకైనా, ఇంట్లో గంటకోసారి లేచే ఇల్లాలికైనా ఈ బాధ తప్పదు. భారం పంచుకునే మరో మనిషి లేకపోవటం, ఆర్థిక ఇబ్బంది, చేసిన సేవకు గుర్తింపు లేకపోగా తప్పులెన్నటం దానికి తోడవుతాయి. మతిమరుపు వ్యాధి గల వృద్ధులైతే సేవ చేసే మనిషినే అనుమానించి దూషిస్తారు. గతంలో ఒకసారి కుంగుబాటుకు లోనైనవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ విచారం వీడకపోయినా, దేనిపైనా ఆసక్తి లేకపోయినా, నిద్రాహారాలు తప్పినా, చావు తలంపులు వచ్చినా ఆలస్యం చేయరాదు.

ఇలాంటివారితో ‘నీ ఈమాన్ బలహీనపడింది’ అనటం అన్యాయం. కుమారుని ఎడబాటుకు విలపించి హజ్రత్ యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడ్డాయని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన దైవకారుణ్యంపై ఆశ మాత్రం వదులుకోలేదు. కాబట్టి దుఃఖం అవిశ్వాసం కాదు. కారణం తెలిసిన దుఃఖం వేరు, శరీరంలో పుట్టే దుఃఖం వేరని, రెండవదానికి శరీర చికిత్స కూడా అవసరమని 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఆనాడే వివరించాడు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కనుక నమాజు, దుఆలతోపాటు వైద్యుడూ అవసరమే. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు.

ఆరాధనలో మునిగి ఇల్లాలిని, విశ్రాంతిని విస్మరించిన హజ్రత్ అబూ దర్దా (రజి)కు, ప్రాణానికీ కుటుంబానికీ హక్కులున్నాయని హజ్రత్ సల్మాన్ (రజి) గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు సేవకు ఉండదా?

సోదరులారా! తల్లిదండ్రుల సేవ మొదట సంతానం బాధ్యత. కోడలు చేసేది ఆమె మంచితనం. వారంలో కొన్ని రాత్రులైనా కొడుకులు మేల్కొని, ఆమెను నిద్రపోనివ్వాలి. సేవ చేసేవారి కష్టాన్ని గుర్తించే హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.