పెద్దమనిషి యగుట యన నేమి?



గత మాసమున మా యింట నొక శుభకార్యము జరిగినది. మా పెద్దమ్మాయికి 13వ యేడు నడుచుచున్నది. ఆచారము ననుసరించి పిల్లను చాపపై కూర్చుండబెట్టి, హారతి యిచ్చి, చిమ్మిలి పంచితిమి. వచ్చిన ముత్తైదువ లందఱును "పిల్ల పెద్దమనిషి అయింది" అని దీవించి పోయిరి. ఆ సాయంకాలము మా యత్తగారు పిల్ల చేతిలోని పుస్తకమును మెల్లగా దీసికొని బీరువాలో పెట్టి, "ఇంక కతల పుస్తకాలు చాలు తల్లీ, పెద్దమనిషివైతివి కదా" అనిరి. పిల్ల మా ముఖము వంక జూచినది. మేము పలుకలేదు. ఆ మౌనమునకు సిగ్గుపడియే యీ మాసపు మాటలు వ్రాయుచున్నాము.

సిగ్గుపడుటకు కారణము కలదు. సరిగా నదే వయస్సున, ఆ మాట చెప్పియే మమ్ము 7వ తరగతితో బడి మానిపించిరి. మా తాతగారు జాలిపడి, యింటనే భారత భాగవతములును, అమరకోశమును, కొన్ని ప్రబంధములును చెప్పిరి. వారి ఋణము తీరునది కాదు. కాని నవల యన్న వారికి గిట్టెడిది కాదు. "ఉన్నది ఉన్నట్లు చెప్పుటకు కవి యెందుకమ్మా?" అనెడివారు. మేమును చాలకాల మట్లే తలచితిమి. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పు మావారితో కుప్పము, పుంగనూరు, మదనపల్లె యని యూరూరు తిరిగిన పిమ్మటనే మా యభిప్రాయము మాఱినది.

మన రాష్ట్రమున 10వ తరగతి పిల్లలకు ఉపవాచకము రామాయణము. నవల నాద్యంతము చదువు నవకాశము తక్కువ. అందుచేత మావారు శనివారము కడపటి పీరియడును నవలకు కేటాయించిరి. తొలుత కుప్పమున వారు నల్లబల్లపై మూడు పేర్లు వ్రాసిరి: వాస్తవికవాదము, ప్రకృతివాదము, వికాస నవల. ఒక్కొక్కదానికి నిర్వచనము చెప్పి వ్రాయించిరి. పిల్లలు కంఠస్థము చేసిరి. పరీక్షలో నొక బాలుడు "ప్రకృతివాద మనగా చెట్లను, కొండలను, సెలయేళ్లను వర్ణించుట" అని వ్రాసెను. మావా రాకాగితమును తెచ్చి మాకు చూపి, నవ్వలేక యేడ్వలేక కూర్చుండిరి.

ఆ రాత్రి మే మిరువురము వంటింటి గడపయొద్ద గూర్చుండి యాలోచించితిమి. వంట నేర్పువారు ముందు నిర్వచనము చెప్పరు గదా! పిల్లను పొయ్యి కడ నిలువబెట్టి చూడు మందురు. అట్లే వచ్చిన శనివారము మావారు పిల్లలతో నిట్లనిరి: "నేడు నిద్ర లేచినది మొదలు బడికి వచ్చు వఱకు మీ యింట చూచినది వ్రాయుడు. పొగడవద్దు, తెగడవద్దు." చీకటితో బెంగుళూరు రైలెక్కబోవు తండ్రి చెప్పుల చప్పుడును ఒకడు వ్రాసెను. నీళ్ల బిందెలకై తల్లి పడిన తగవును ఒకతె వ్రాసెను. "ఇదియే వాస్తవికవాదము" అని మావారు చెప్పిరి.

రెండవ వారము, "అది యట్లేల జరిగినది?" అని యడిగిరి. తండ్రి యింట నిలువక పోవుటకు వాన లేమి కారణమా, అప్పు కారణమా, తాతల నాటి నుండి వచ్చిన పేదరికమా? మనుష్యుని గుణములను వంశమును, పరిసరములును, కాలమును నిర్ణయించు నని నమ్మి, వైద్యుడు రోగకారణమును వెదకినట్లు వెదకి వ్రాయుట ప్రకృతివాదము. ఫ్రాన్సు దేశపు ఎమిలీ జోలా దీనికి ఆచార్యుడు. ఆయన 1884లో ఉత్తర ఫ్రాన్సు బొగ్గుగనులకు పోయి, స్వయముగా గనిలోనికి దిగి చూచి, 1885లో "జెర్మినాల్" అను నవలను ప్రకటించెను. అంతకుముందు 1877లో వెలువడిన "లసొమ్వార్" నవలలో, బట్టలుదికి బ్రదుకు నొక యిల్లాలి సంసారము మద్యముచే నెట్లు కూలినదో చూపెను.

మూడవ వారపు ప్రశ్న: "నిన్నటి వఱకు నెఱుగనిది నేడు నీ వేమి యెఱిగితివి?" బాల్యము నుండి మనుష్యుడు దెబ్బలు తినుచు, భ్రమలు వీడుచు, తన్ను తాను తెలిసికొను కథయే వికాస నవల. జర్మనులు దీనిని "బిల్డుంగ్స్ రోమాన్" అందురు. గేటే మహాకవి 1795, 1796 సంవత్సరములలో ప్రకటించిన విల్హెల్మ్ మైస్టరు కథ దీనికి మాతృక యని పెద్దలు చెప్పుదురు. మన తెలుగున కొడవటిగంటి కుటుంబరావుగారి "చదువు" ఈ కోవలోనిదే. సుందరమను బాలుని యక్షరాభ్యాసముతో మొదలై, చదువు వేఱు, బ్రదుకు వేఱు అని యతడు తెలిసికొను వఱకు సాగును.

ఈ పద్ధతికి అడ్డంకి రాకపోలేదు. త్రాగివచ్చిన తండ్రిని గూర్చి యొక బాలిక ఉన్నదున్నట్లు వ్రాసినది. మఱునాడు తల్లి మా యింటికి వచ్చెను. "అయ్యవారమ్మా, మా ఇంట్లో జరిగేది మాకు చాలదా? పుస్తకాల్లోనూ అదే ఎందుకు? పిల్లకు నాలుగు మంచిమాటలు చెప్పించండమ్మా" అని కన్నీరు పెట్టుకొన్నది. మాకు తాతగారి మాటయే మఱల వినబడినట్లయ్యెను. ఆ తల్లి బాధ నిజమైనది. గుట్టుగా నున్న సంసారము రట్టగు ననియే యామె భయము. పిల్లల వ్రాతలను తరగతిలో పైకి చదువుట ఆ దినముతో మావారు మానిరి. అది వారి పొరపాటని యొప్పుకొనిరి.

కాని చెడుగును గూర్చి చదువుటవలన చెడుగు పెరుగు నను మాట నిజము కాదు. 1857లో ఫ్లోబేరు వ్రాసిన "మదాం బొవారీ" నీతిబాహ్యమని ఫ్రాన్సు ప్రభుత్వము వ్యాజ్యము తెచ్చెను. న్యాయస్థానము గ్రంథకర్తను విడిచిపెట్టెను. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి"ని మదరాసు ప్రభుత్వము నిషేధించెను. నేడు దానిని తెలుగువారు తలపై బెట్టుకొనుచున్నారు. అంతదూర మేల? మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతమున, అక్షరాస్యతా తరగతులలో సారాచే చెడిన సంసారమును గూర్చిన పాఠమును ఆడువారు చదివిరి. చదివి "ఇది మన కథయే" అనుకొనిరి. అనుకొని యూరకుండక సారా యంగడిని మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటి ప్రాకెను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. మనుష్యుడు పరిస్థితులకు కట్టువడియుండు నని జోలా చూపెను. ఆ కట్టును కన్నులార చూచినవారే దానిని విప్పుటకు చేయి చాచుదు రని దూబగుంట సోదరీమణులు చూపిరి. ఈ రెండును కలిపి చెప్పినప్పుడే పాఠము పూర్తి యగును. ఈ మాట కుప్పపు తల్లితో మేము చెప్పితిమి. ఆమె యొప్పుకొన్నదో లేదో కాని, పిల్లను మాత్రము బడి మానిపింపలేదు.

పిమ్మట పుంగనూరునకు బదిలీ యయ్యెను. అక్కడ మావారికి మే మొక సలహా చెప్పితిమి. "వికాస కథలకు విదేశముల దాక పోనేల? తిక్కనగారి విరాటపర్వమున ఉత్తరకుమారుడు లేడా?" అంటిమి. అది పొట్టి యావులకు ప్రసిద్ధమైన సీమ. గోగ్రహణ మనగనే పిల్లలు చెవి యొగ్గిరి. అంతఃపురమున ఆడువారి నడుమ ప్రగల్భములు పలికిన బాలుడు, కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తెను. బృహన్నల పట్టి తెచ్చి సారథిగా నిలువబెట్టెను. భయము చవి చూచినవాడై తిరిగివచ్చి, "గెలిచినది నేను గాను" అని తండ్రి యెదుట నిజము చెప్పెను. ప్రగల్భములతో పోయినవాడు నిజముతో తిరిగివచ్చుటయే వికాసము.

పాఠ మైన సాయంకాలము ఒక బాలిక పుస్తకమునకై మా యింటికి వచ్చి, తలవంచుకొని యిట్లడిగెను: "అమ్మగారూ, అన్న ఒక్కరోజులో పెద్దవాడయ్యె. ఉత్తర బొమ్మలకు గుడ్డలు తెమ్మనె. గుడ్డలొచ్చె, అంతలోనే పెండ్లీ అయిపోయె. ఆ పిల్ల ఎప్పుడు పెద్దదయ్యె?"

బాల్యమునుండి భారతము చదివిన మా కీప్రశ్న యెన్నడును తోచలేదు. బొమ్మపొత్తికలు కోరిన యుత్తర ఆ పర్వము ముగియు లోపలనే అభిమన్యుని పత్ని యయ్యెను. యుద్ధమున గర్భవతిగా నుండగనే భర్తను కోల్పోయెను. ఆమె మనస్సు పెరిగిన తీరును చెప్పు పర్వము మాకు కానరాలేదు. బిభూతిభూషణ బందోపాధ్యాయుని "పథేర్ పాంచాలి" (1929) నవలలోను అంతే. తమ్ముడు అపూ లోకమును తెలిసికొనుచు పెరుగును; అక్క దుర్గ జ్వరముతో బాల్యముననే పోవును.

ఈ ప్రశ్న కావ్యములకు మాత్రమే చెందినది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి 18 ఏండ్లు నిండకమునుపే వివాహ మైనది. చట్టము కాదన్నను, ఇంచుమించు ముగ్గురిలో నొకతెకు బొమ్మపొత్తికల వెంటనే పెండ్లిపీట వచ్చుచున్న దన్నమాట.

ఆ బాలికకు మే మానాడు సమాధానము చెప్పలేదు. పుస్తకములు వెదకి యిచ్చితిమి. ఆంగ్లమున షార్లట్ బ్రాంటీ 1847లోనే "జేన్ అయిర్" వ్రాసినది. పదేండ్ల యనాథ బాలిక తన మాట తాను పలుక నేర్చుకొనుట యందలి కథ. మన భాషలో ఓల్గాగారి "స్వేచ్ఛ" (1987) కలదు. పుట్టింటి కట్టుబాట్లనుండి పెండ్లి విడుదల నిచ్చునని నమ్మిన అరుణ, స్వేచ్ఛ యనునది యొకరిచ్చెడి వస్తువు కాదని తెలిసికొనును. మగపిల్లల వికాస కథలు పెక్కు, ఆడుపిల్లలవి కొలది. కొలదిగా నున్నవానినైనను బీరువాలో పెట్టి తాళము వేయుట న్యాయమా?

ఇప్పుడు మేము మదనపల్లెలో నున్నాము. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఇక్కడి కళాశాలలో విడిది చేసి "జనగణమన"ను ఆంగ్లమున కనువదించెను. ఒక వితంతువు మనస్సును విప్పిచూపిన "చోఖేర్ బాలి" నవలను 1903లో ప్రకటించినదియు ఆ మహాకవియే. నవల వ్రాయుట కవికి చిన్నతనము కాలేదు. చదువుట మన కేల కావలెను? ఇక్కడి పిల్లల వ్రాతలలో టమాటా ధర పడిన నాడు ఖాళీచేతులతో వచ్చిన తండ్రియు, పట్టుమగ్గము కడ రాత్రి ప్రొద్దుపోవు వఱకు కూర్చుండు తల్లియు కనబడుదురు. నిజమునకు కొఱత లేదు. చదివి యర్థము చేసికొను నవకాశమునకే కొఱత.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఇంట బిడ్డ పెద్దమనిషి యైన నాడు చీర పెట్టుడు, చిమ్మిలి పంచుడు; దానితో పాటు ఒక మంచి నవలను కూడ చేత బెట్టుడు. శరీరము పెద్దదగుట కొక దినము చాలును. మనస్సు పెద్దదగుటకు ఏండ్లు పట్టును. బిడ్డ చదువుచున్నది మీరును చదువుడు. బాగున్నదా యని కాక, "ఆ పిల్ల యట్లేల చేసినది? నీవైన నేమి చేయుదువు?" అని యడుగుడు.

నిన్న రాత్రి మేము బీరువా తెఱచి, "పథేర్ పాంచాలి" తెలుగు ప్రతిని అమ్మాయి చేతికి మఱల నిచ్చితిమి. మా యత్తగారు చూచి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "చదివితే చదివె గానీ, పైకి చదవమను. నేనూ వింటా" అనిరి.

దుర్గ జ్వరపడిన యధ్యాయము ఇంకను రాలేదు.