లెక్క నిండిందట

2025 ఏప్రిల్ రెండో వారం. తెలంగాణ సర్కారు యువత కోసం పెట్టిన రాజీవ్ యువ వికాసం పథకం దరఖాస్తులకు 14వ తేదీ ఆఖరు. ఆన్‌లైన్‌లో నింపినదాన్ని ప్రింటు తీసి, ఆధార్, కులం, ఆదాయం కాగితాల జిరాక్సులు జతపెట్టి ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. దేవరకొండలో మా ఇంటి ముందటి గదిలోనే నా ఆన్‌లైన్ సెంటర్. పొద్దున ఎనిమిదింటికల్లా అరుగు కింద చెప్పుల జతలు వరుసగట్టాయి. తండాల నుంచి వచ్చిన పిల్లలు, కూలి మానుకుని వాళ్ల వెంట వచ్చిన తల్లులు. పదకొండు గంటలప్పుడు ప్రింటర్ మీద రెండు ఎర్ర లైట్లు, ఒకటి ఆరితే ఇంకోటి, మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టాయి.

కాగితం ఇరుక్కోలేదు. ట్యాంకుల్లో ఇంకు సగానికి పైనే ఉంది. వైఫై బాగానే ఉంది. ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం, లోపలి ఇంకు ప్యాడ్‌కు కాలం తీరిందని, సర్వీసు సెంటర్‌ను కలవమని వచ్చింది. ఆపి మళ్లీ వేశాను. అదే మాట. ప్రింటు పోతే పోయింది, స్కానింగన్నా చేస్తుందేమోనని చూశాను. అదీ చేయలేదు. స్కానింగ్‌కు ఇంకుతో పనేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

పక్క షెడ్డులోంచి మా నాయిన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన మోటర్ వైండింగ్ మెకానిక్. ముప్పై అయిదేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్ల బోరు మోటర్లు ఆయన చేతిలోనే ఊపిరి పోసుకుంటున్నాయి.

"ఏం కాలింది బిడ్డా?"

"ఏం కాలలే నాయినా. లెక్క నిండిందట."

"ఏం లెక్క?"

ఆ ప్రశ్నకు జవాబు దొరకబట్టడానికి నాకు చాలా రోజులే పట్టింది. అది నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఈ మిషన్‌ను 2020లో కొన్నాను. కరోనాతో బడులు మూతపడి, ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. వర్క్‌షీట్లేమో ఫోన్లకు వచ్చేవి. మా వీధిలో ఒక్కో ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అదీ తండ్రి పనికి పోతే ఆయన జేబులోనే పోయేది. కాగితం మీద ఉంటేనే పిల్ల చేతికి పాఠం అందుతుంది. చిట్టీ ఎత్తిన డబ్బుల్లోంచి 14,000 పెట్టి తెచ్చాను. ప్రింటు, స్కాను, జిరాక్సు మూడూ చేస్తుంది. ఇంకు సీసాతో పోసుకోవచ్చు. ఫోన్‌లోంచే ప్రింటు ఇయ్యొచ్చు. మొదట మా ఇంటికి, తర్వాత వీధికి, ఆ తర్వాత చుట్టూ ఉన్న తండాలకూ అదే మిషన్ అయింది. హాల్‌టికెట్లు, ధ్రువపత్రాలు, బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు, పెళ్లి పిల్లాడి ఫొటోలు, అన్నీ దాంట్లోంచే వచ్చాయి.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా సర్కారు పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్న రోజులు ఎవరూ మరిచిపోయి ఉండరు. ఫారాలు సర్కారే ఉత్తగా ఇస్తుందన్నా, దొరుకుతాయో లేదోనన్న భయంతో జనం జిరాక్సు సెంటర్ల మీద పడ్డారు. కొన్నిచోట్ల ఎక్కువ ధరకు అమ్మారని ముఖ్యమంత్రే కోపం చేశారు. నేను కాగితానికి రెండు రూపాయలే తీసుకున్నాను. రాష్ట్రం మొత్తం మీద కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో కొన్ని వందలు నా చేతి మీదుగా పోయాయని తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. మంచం పట్టిన ఒక అవ్వ ఇంటికి ల్యాప్‌టాప్ పట్టుకుపోయి, ఆమె ఆధార్ ఎక్కించి, అక్కడి నుంచే ప్రింటు ఇస్తే, నేను తిరిగొచ్చేసరికి కాగితం ట్రేలో ఉంటుందనుకున్నాను. నా వైఫై రెండు ఇళ్ల అవతలికి అందదని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి ప్రింటు తీస్తే, అవ్వ మనుమడు పరుగెత్తి వచ్చి పట్టుకుపోయాడు.

ఈ మిషన్‌తో బతకడానికి కొన్ని అలవాట్లు చేసుకోవాలి. సాయంత్రం గోడ స్విచ్చు కట్టేయొద్దు, మిషన్ బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్డు తన గూట్లోకి పోయి మూత పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ కంటే ముందు ప్రింటర్ లేస్తే వైఫై దొరకక అయోమయంలో పడుతుంది, దాన్ని ఆపి మళ్లీ వేయాలి. కొత్త రౌటర్ పెట్టినవాడు రెండు పేర్లు పెట్టిపోయాడు. అందులో 5 గిగాహెర్ట్జ్‌ది నా ప్రింటర్‌కు కనబడదని, దానికి 2.4 మాత్రమే తెలుసని కనుక్కునేసరికి సగం రోజు పోయింది. వారానికి ఒక్కటైనా రంగుల కాగితం తీయాలి, లేకుంటే రంగులు ఎండిపోతాయి. ఆ కాగితం మీద మా చిన్నదాని బొమ్మలే వస్తాయి.

అసలు తిప్పలు వేసవిలో. నల్లగొండ జిల్లాలో మే నెల అంటే 44, 45 డిగ్రీలు. రేకుల గదిలో ఇంకా ఎక్కువే. ప్రింటర్ హెడ్డులో ఇంకు వచ్చే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. ఆ వేడికి వాటి మూతి దగ్గరే ఇంకు గట్టిపడుతుంది. అక్షరాల మధ్య తెల్ల గీతలు పడతాయి. అప్పుడు హెడ్డు క్లీనింగ్ కొట్టాలి. క్లీనింగ్ అంటే మిషన్ లోపలి పంపు ఆ రంధ్రాల్లోంచి ఇంకును గుంజి పారబోయడం. పారబోసిన ఇంకు బయటికి రాదు, మిషన్ అడుగున ఉన్న దూది మెత్త లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. కరెంటు పోయి మళ్లీ వచ్చి మిషన్ లేచినప్పుడు చాలాసార్లు తనంతట తనే కొంచెం క్లీనింగ్ చేసుకుంటుంది. అదీ ప్యాడ్‌లోకే.

మా నాయిన అడిగిన లెక్క ఇదే. ప్యాడ్ ఎంత తడిసిందో మిషన్ చూడదు, చూసే సాధనమే దానికి లేదు. ఎన్నిసార్లు పారబోసిందో లెక్క రాసుకుంటూ పోతుంది. కంపెనీ పెట్టిన అంకె దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఏసీ గదిలో, కరెంటు పోని చోట ఉన్న మిషన్‌కు ఆ అంకె రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. దేవరకొండ ఎండలో, రోజుకు రెండుసార్లు కరెంటు పోయే వీధిలో, వారానికి మూడుసార్లు క్లీనింగ్ కొట్టే మిషన్‌కు తొందరగా వస్తుంది. ఎవరికి దుకాణం దూరమో, ఎవరికి సర్వీసు సెంటర్ దూరమో, వాళ్ల మిషనే ముందు ఆగుతుంది.

లెక్క పెట్టడాన్నే నేను తప్పుపట్టడం లేదు. ప్యాడ్ నిండి ఇంకు కారితే బల్ల పాడవుతుంది, లోపలి బోర్డు మీద పడితే మిషనే పోతుంది. హెచ్చరించడం మంచిదే. కానీ హెచ్చరించడం వేరు, తాళం వేసి చెవి పట్టుకుపోవడం వేరు.

సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. అది హైదరాబాద్‌లో ఉంది, నూరు కిలోమీటర్లు పైనే. ఇంకు ట్యాంకులున్న మిషన్ ఒరిగితే కారుతుంది కాబట్టి పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా ఆర్టీసీ బస్సులో పోయాను. ప్యాడ్‌కు, కూలికి కలిపి చెప్పిన ధర విని గుండె జారింది. నాలుగు రోజులు ఆగాలన్నారు. "అయిదేళ్లదండీ, దీనికి పెట్టే బదులు కొత్తది తీసుకోండి" అని అక్కడి అమ్మాయి సలహా కూడా ఇచ్చింది. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఆమె మీద నాకేం కోపం లేదు. ఆమెకు నేర్పిన మాట అది. మిషన్‌ను మళ్లీ ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సుకు ఇంటికొచ్చాను.

ఇక్కడ మా నాయిన పని గురించి చెప్పాలి. యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో బోరు మోటరు కాలిందంటే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. కాళ్ల స్టాండు నిలబెట్టి, చైను కప్పీతో అయిదారు వందల అడుగుల లోతు నుంచి పైపులు ఒక్కొక్కటే విప్పుకుంటూ మోటరును పైకి లాగుతారు. తెల్లారేసరికి బండి మీద మా షెడ్డుకు చేరుస్తారు. నాయిన విప్పి, కాలిన తీగ తీస్తూ చుట్లు లెక్కపెడతాడు. ఆయన దగ్గర అట్టలు ఊడిన మూడు నోటుబుక్కులు ఉన్నాయి. ఏ కంపెనీ మోటరుకు ఎన్ని చుట్లు, ఎంత గేజు తీగ, ఏ సైజు బేరింగు, అన్నీ అందులో ఉంటాయి. ఒక్క కంపెనీ కూడా ఆయనకు ఆ లెక్క ఇవ్వలేదు. ఒక్క కంపెనీ కూడా ఆయన్ను విప్పొద్దని ఆపలేదు. రాత్రికల్లా మోటరు మళ్లీ బోర్లోకి దిగుతుంది. కల్వకుర్తి, మల్లేపల్లి, అచ్చంపేట, ఎక్కడ చూసినా ఇలాంటి షెడ్డు ఒకటి ఉంటుంది. కాలువ నీళ్లు ఎక్కని ఈ ఎత్తు నేలల్లో సేద్యం నిలబడిందంటే బోరుతో పాటు ఈ షెడ్లు కూడా కారణం.

రేపొక మోటరు వచ్చి, తీగ బాగున్నా, బేరింగు బాగున్నా, ఇన్ని గంటలు నడిచాను, ఇక కంపెనీ వాళ్లు వచ్చి తాళం తీస్తేనే తిరుగుతానంటే? పొట్ట మీదున్న వరి వాళ్లొచ్చేదాకా ఆగుతుందా? మా నాయిన ఈ మాట విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పైసలిచ్చి కొన్నంక విప్పే హక్కు గూడ కొన్నట్టే గదా" అన్నాడు.

ఆ రాత్రే విప్పాం. వెనక వైపు నాలుగు స్క్రూలు. ప్యాడ్ ఒక అంచున నల్లగా తడిసి ఉంది. అవతలి సగం కొత్తదానిలా తెల్లగా ఉంది. కడిగి ఆరబెట్టాం. పారబోసే గొట్టాన్ని బయటికి లాగి ఒక నీళ్ల సీసాలో పెట్టాం. ప్యాడ్ ఆరే సమయం పక్కన పెడితే, అంతా కలిపి గంట పని. కానీ లెక్క సున్నాకు రాకపోతే ఇదంతా వృథా. దానికి మల్లేపల్లిలో ఫోన్లు బాగుచేసే ఒక పిల్లగాడు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. అది వైఫైలో పనిచేయదు, యూఎస్‌బీ తీగ కావాలన్నాడు. ఎక్కడో నెట్‌లో కొన్న సాఫ్ట్‌వేర్ నడిపి, రెండు నిమిషాల్లో సున్నా చేశాడు. ఐదు వందలు తీసుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుంటే ఇంకోసారి రానక్కర లేదన్నాడు. నేను వద్దన్నాను. నా ల్యాప్‌టాప్‌లో వందల మంది ఆధార్ స్కాన్లు వచ్చిపోతుంటాయి. ఎవరు రాశారో తెలియని సాఫ్ట్‌వేర్‌ను దాంట్లో ఎలా పెట్టుకోను? కంపెనీ ఇవ్వాల్సిన చెవిని ఇవ్వకపోతే జనం దొంగ చెవుల వెంట పడతారు. వాటితో పాటు ఏ వైరస్ వస్తుందో, నష్టం ఎవరికి జరుగుతుందో ఆలోచించాల్సింది ఆ కంపెనీలే.

ఇది దేవరకొండ బాధ మాత్రమే కాదు. ఫ్రాన్స్‌లో 2017లో ఒక వినియోగదారుల సంఘం ప్రింటర్ల కంపెనీల మీద ఫిర్యాదు చేసింది. ఇంకు ఉండగానే అయిపోయిందని, ప్యాడ్ పనికొచ్చేలా ఉండగానే కాలం తీరిందని మిషన్లు చెబుతున్నాయన్నది అందులోని ఆరోపణ. కావాలని వస్తువు ఆయుష్షు తగ్గించడం అక్కడ 2015 నుంచి నేరం. ఆ ఫిర్యాదు మీద విచారణ మొదలైంది. అమెరికాలో వాడిన టోనర్ కార్ట్రిడ్జులను మళ్లీ నింపి అమ్మే ఒక చిన్న సంస్థ మీద పెద్ద ప్రింటర్ల కంపెనీ కేసు వేస్తే, 2017 మే 30న సుప్రీంకోర్టు చిన్నవాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఒకసారి అమ్మాక ఆ వస్తువు మీద పేటెంటు హక్కు చూపించి ఆపలేరని చెబుతూ, ప్రధాన న్యాయమూర్తి పాత కార్లు బాగుచేసి అమ్మే షెడ్డును ఉదాహరణగా తీసుకున్నారు. ఆ సంగతి మా నాయినకు చెబితే, "జడ్జికి గూడ షెడ్డు యాదికుందా" అని మురిసిపోయాడు.

మన దేశంలోనూ మాట మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబర్ 24న పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు అందులో ఉన్నాయి. వస్తువు ఎంత తేలికగా బాగుచేయొచ్చో అంకె రూపంలో చెప్పే సూచిక కోసం ఇంకో కమిటీ కూర్చుంది. అందులో ముందు వరుస ఫోన్లు, ట్యాబ్లెట్లది. ప్రింటర్లను కూడా ఆ వరుసలో కూర్చోబెట్టాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న ఈ-వేస్టు నియమాల జాబితాలో ప్రింటర్లు, కార్ట్రిడ్జులు ఉన్నాయి. చెత్త అయ్యాక ఏం చేయాలో రాసుకున్నాం సరే, చెత్త కాకుండా ఆపేదెప్పుడు? అచ్చంపేటలో సెంటర్ నడిపే నా స్నేహితురాలి అటక మీద రెండు ప్రింటర్లు ఉన్నాయి. రెండూ చెడిపోలేదు, రెండూ లెక్క నిండినవే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. లోపల ఇలాంటి లెక్క ఒకటి ఉందని డబ్బా మీదనే, తెలుగులో రాయాలి. ప్యాడ్ బయటి నుంచి తీసి పెట్టుకునేలా ఉండాలి. కొన్ని కొత్త మోడళ్లలో ఇప్పటికే అలా వస్తోంది, అంటే చేతకాని పని కాదు. మార్చాక బటన్ నొక్కితే లెక్క సున్నా కావాలి. ప్యాడ్ సంగతి ఏదైనా సరే, స్కానింగ్ ఆగకూడదు. ఆ ఏప్రిల్ రోజున అరుగు మీద ఉన్నవాళ్లలో చాలామందికి స్కానింగే కావాలి. ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని ఆ ఎండలో ఇంకో సెంటర్ వెతుక్కుంటూ పోయింది. ఆమె కాగితాలు ఆ రోజు అందాయో లేదో నాకు తెలియలేదు.

మిషన్ ఇప్పటికీ అదే. రెండు వేసవుల క్లీనింగులు, ఎన్ని కరెంటు కోతలో. బల్ల పక్కన దారానికి కట్టిన లీటరు సీసాను నిన్న దులిపి చూశాను. అడుగున నాలుగు వేళ్ల మందం నల్లటి నీళ్లున్నాయి, అంతే.