డేరా ఎవరిది, ఇల్లు ఎవరిది?

జంషెడ్‌పూర్‌లో సీతారాండేరా అనే పేట ఉంది. ఆ పేరులోని 'డేరా' మనకు కొత్త మాట కాదు. గుడారం, తాత్కాలికమైన బస అని దాని అర్థం. పేట స్థిరపడి ఏళ్లు గడిచినా పేరు మాత్రం మజిలీగానే మిగిలింది. ఝార్ఖండ్‌లో 'స్థానికుడెవరు' అన్న ప్రశ్న లేచినప్పుడల్లా నాకు ఈ పేరూ, దానితోపాటు యూదుల ధర్మశాస్త్రంలోని ఒక మాటా గుర్తుకు వస్తాయి.

ఆ మాట 'గేర్'. తెలుగు బైబిలులో అది 'పరదేశి' అయింది. తనది కాని నేలపై బతుకుతున్న మనిషి అని భావం. అతనిని గురించిన హెచ్చరిక తోరాలో 36 సార్లు వస్తుందని తాల్ముద్ లెక్కగట్టింది. 46 అన్న లెక్క కూడా అక్కడే ఉంది. పరదేశిని బాధించవద్దన్న ఆజ్ఞకు ఆ గ్రంథం చూపిన కారణం దయ కాదు, పుణ్యం కాదు, జ్ఞాపకం. ఐగుప్తులో మీరూ ఒకనాడు పరదేశులే గనుక అతని మనసు మీకు తెలిసి ఉండాలన్నది దాని సారం.

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1919లో సాక్చీ గ్రామం జంషెడ్‌పూర్‌గా మారింది. బెంగాల్ నాగపూర్ రైలెక్కి వచ్చి కొలిమి ముందు నిలబడినవారిలో తెలుగువారూ ఉన్నారు. కానీ వారు ఉన్నది కంపెనీ క్వార్టర్లలో, నేల కంపెనీది. 2022 నవంబరు 11న ఝార్ఖండ్ శాసనసభ 1932 నాటి ఖతియాన్‌ను, అంటే భూమి రికార్డును, స్థానికతకు కొలబద్దగా చేస్తూ బిల్లు ఆమోదించింది. గవర్నరు తిప్పి పంపినా 2023 డిసెంబరులో మళ్లీ ఆమోదించింది. 1932కు ముందే వచ్చినవాడైనా క్వార్టరులో పుట్టి క్వార్టరులో పోయినవాడి పేరు ఏ ఖతియాన్‌లో దొరుకుతుంది? రికార్డు లేనివారిని గ్రామసభ గుర్తించవచ్చునన్న వెసులుబాటు ఉంది. కంపెనీ పట్టణంలో గ్రామసభ ఎక్కడిది?

ఇంతవరకు చెప్పి ఆగిపోతే అది వలసవాడి వకాల్తా అవుతుంది. రెండో వైపూ చూడాలి. ఆదివాసీ హో సమాజ భవన్ ఉన్నది కూడా సీతారాండేరాలోనే. హో, సంతాల్, ముండా, భూమిజ్ ప్రజల నేలపై ఉక్కు నగరం లేచింది. అక్కడ కదలకుండా ఉన్నవాడే పరదేశి అయ్యాడు. ఆ ధర్మశాస్త్రమే మరోచోట నేలను శాశ్వతంగా అమ్మరాదంటుంది. నేల దేవుడిది, మీరందరూ దానిపై పరదేశులేనని కారణం చెబుతుంది. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం ఆదివాసీ భూముల బదలాయింపుపై ఆంక్షలు పెట్టింది. ఆ చట్టాన్ని సవరించబోయిన రఘువర్ దాస్ ప్రభుత్వం 2017లో వెనక్కి తగ్గక తప్పలేదు. ఖతియాన్ నినాదం వెనుక ఉన్నది ఆ భయమే. దానిని సంకుచితత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

ఈ రెండు వైపులూ అనుభవించిన జాతి మనది. ముల్కీ నిబంధనలు అమలు చేయమని 1969లో తెలంగాణ రోడ్డెక్కింది. అవి చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు అంటే ఆంధ్ర అగ్గిమీద గుగ్గిలమైంది. నేడు అమెరికా వీసా నిబంధన ఒకటి మారితే మన ఊళ్లలో నిద్ర పట్టదు. అయినా మన నగరాల్లో ఇళ్లు కడుతున్న ఒడియా, బిహారీ, ఝార్ఖండ్ కూలీల గోడు మన రాజకీయాల్లో వినిపించదు. ఓటు ఇక్కడ లేనివాడి జ్ఞాపకం ఏ పార్టీకి కావాలి?

కాబట్టి నా అభిప్రాయం ఇది. భూమి రక్షణ వేరు, పౌరుడి అర్హత వేరు. ఆదివాసీ నేలకు 1908 చట్టం కంచెగా ఉండాలి, అది మరింత గట్టిపడాలి. ఉద్యోగానికీ చదువుకూ మాత్రం తాత పేరిట ఉన్న పట్టా కాక, నివసించిన ఏళ్లూ చేసిన శ్రమా కొలత కావాలి. స్థానికుడికీ పరదేశికీ ఒకే న్యాయమని ఆ పాత గ్రంథమే చెప్పింది. దానిని నమ్మడానికి యూదులం కానక్కరలేదు. మన తాతలు ఏ స్టేషనులో, ఏ మూటతో దిగారో గుర్తుంటే చాలు.