గడ్డికి నీళ్ళు, గోంగూరకు నోటీసు!

మేడమీద కుండీలు పెడితే శ్లాబు కారుతుందట! మా అపార్ట్‌మెంటు సంఘం పెద్దమనుషులకు ఇంజనీరింగు ఎప్పుడు వంటబట్టిందో గాని, పదిహేను రోజుల్లో దించెయ్యాలని నోటీసు అంటించారు.

శ్లాబు కారేది వాటరుప్రూఫింగు సరిగ్గా చెయ్యకపోతేనండీ. వాలు లేక వాననీరు నిలిస్తే కారుతుంది, పైపుల అతుకులు వదిలితే కారుతుంది. కుండీని ఇటుకలమీద ఎత్తి, కింద పళ్ళెం పెడితే నేల ఆరుతూనే వుంటుంది. ఇక బరువంటారా? అదే మేడమీద షామియానా వేసి బారసాలకు 150 మందిని కూర్చోబెట్టారు. మనిషికి 60 కిలోల లెక్కన 9 టన్నులు! నా గోంగూరా, పుదీనా, వంగా అన్నీ కలిపి 20 కుండీలు. తడిమట్టితో ఒక్కొక్కటి 25 కిలోలనుకున్నా అరటన్ను. కొబ్బరిపొట్టు కలిపితే అదీ వుండదు. అన్నీ ఒకచోట గుమిగూర్చకు, గోడవారగా దూలాల మీదుగా పెట్టమ్మా అంటే అది సలహా, వింటాం. దించెయ్యమనడం దబాయింపు.

గేటు దగ్గర కొరియన్ గడ్డికి మాత్రం వేసవిలో ట్యాంకరు కొనిమరీ నీళ్ళు. పోనీ మేకన్నా మేస్తుందా, దాన్ని లోపలికే రానివ్వరాయె! మిగిలిన నేలంతా పలకలు పరిచేశారు. వానచుక్క ఇంకే దారిలేక రోడ్డెక్కుతుంది, బోరేమో ఎండుతుంది.

2022లో దక్షిణ కొరియాలో మన హైదరాబాదుకు ప్రపంచ హరితనగరం అవార్డు ఇచ్చారు. సంతోషమే. కాని ఔటర్ రింగురోడ్డు వెంట చెట్లు, అయిదో అంతస్తులో వుడికిపోయే ఇల్లాలికి ఏం చల్లదనమిస్తాయి చెప్పండి? పగలంతా ఎండ తాగిన సిమెంటు రాత్రి మన మంచాలమీదకే కక్కుతుంది. పైన బచ్చలి పందిరో, ఆనపపాదో వుంటే ఆ మేర ఎండ శ్లాబును తాకదు. ఆకులు ఆవిరి వదిలి గాలినీ చల్లబరుస్తాయి.

మేడ ఉమ్మడి స్థలమని ఇంకో వాదన. ఉమ్మడి అంటే అందరిదీ అనా, ఎవరిదీ కాదనా? బట్టలారెయ్యొచ్చు, డిష్ గొడుగులు బిగించొచ్చు, కరివేపాకు మొక్క ఒక్కటే పనికిరాదు! పైగా ఈ తీర్మానాలన్నీ జరిగేది ఆదివారం పదింటికి, మనం పోపు పెట్టే వేళకి. ఫ్లాటు ఆవిడ పేరున వున్నా సంతకం ఆయనదే.

అందుకని ఈ ఆదివారం పప్పు కాస్త ముందే దించి నేనూ, ఎదురింటి పిన్నిగారూ మీటింగుకి వెళుతున్నాం. అడిగేది ఒక్కటే: ఈ శ్లాబుకి వాటరుప్రూఫింగు ఎప్పుడు చేయించారు, ఆ బిల్లేదీ? మీ మేడకీ ఇలాంటి నోటీసు వస్తే ముందు ఆ బిల్లు చూపించమనండి.