అటికమామిడి మంచిదే, కానీ ఏ నేలది?

పోయిన వర్షాకాలంలో ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. మారికుప్పంలో ఉంటారు. వయసు డెబ్బై దాటింది. బంగారు గనిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు ఇంటికి చేరిన వేలమందిలో ఒకరు. కాళ్లకు వాపు. ఉదయం కాస్త తగ్గి, సాయంత్రానికి చెప్పు పట్టనంతగా పెరుగుతోందట. చేతిలో ఒక గుడ్డసంచి, దాని నిండా ఆకు.

"హకీం సాబ్, ఇది బిస్ఖప్రాయే కదా? మనవడితో కోయించి నెల రోజులుగా కషాయం తాగుతున్నాను. పైసా ఖర్చు లేని మందు" అన్నారు.

సంచిని బల్లమీద కుమ్మరించి చూశాను. అందులో రెండు రకాల మొక్కలున్నాయి. ఒకటి అటికమామిడి, రెండోది గలిజేరు. "ఎక్కడ కోశారు చాచా?" అని అడిగాను. "ఇంటికి దగ్గరే, దిబ్బ కింద" అన్నారు.

ఆ జవాబు విన్నాకే ఈ వారం అటికమామిడి గురించి రాయాలనుకున్నాను. ఇది మంచి మూలిక. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ "ఎక్కడ మొలిచినా మందే" అన్న మాట మన కె.జి.యఫ్.లో చెల్లదు.

ముందు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుందాం. అటికమామిడి బీళ్లలో, పొలం గట్లమీద, పశువులు మేసే గోమాళాల్లో దానంతట అదే పెరిగే బహువార్షిక మొక్క. నేలమీద నాలుగు వైపులా పాకుతుంది. కాడలు ఎర్రటి ఛాయతో సన్నగా ఉంటాయి, ఒక్కొక్కటి మీటరు దాకా సాగుతుంది. ఆకు పైభాగం పచ్చగా, అడుగుభాగం వెలిసిన తెలుపుగా ఉంటుంది. పూలు ఆవగింజంత చిన్నవి, గులాబీ రంగువి. సన్నని పొడవాటి కాడల చివర గుత్తులుగా పూస్తాయి. కాయలకు జిగురు ఉంటుంది. బీడులో నడిచి ఇంటికి వచ్చాక పైజమా అంచుకు పట్టుకుని కనిపించేవి చాలాసార్లు ఇవే. మేకల వెంట్రుకలకు అంటుకుని ఊరూరా తిరిగేది కూడా ఇలాగే.

దీని అసలు బలం భూమిలో ఉంది. వేరు ముల్లంగిలాగా లావెక్కి లోతుకు దిగుతుంది. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో బీడంతా ఎండిపోయినప్పుడు పైన కాడలు మాయమవుతాయి. నాలుగు చినుకులు పడగానే అదే వేరునుంచి కొత్త చిగురు వస్తుంది. ఆయుర్వేదం వారు పునర్నవ అని పేరు పెట్టింది అందుకే. వృక్షశాస్త్రంలో దీని పేరు బోయర్హావియా డిఫ్యూసా. హాలెండులోని లైడెన్ నగరంలో పాఠాలు చెప్పిన హెర్మన్ బోయర్హావ్ (1668-1738) అనే వైద్యుడి గౌరవార్థం పెట్టిన పేరు. మన ఇళ్లముందు గేటుకు ఎక్కించే కాగితంపూల తీగ, సాయంత్రం విచ్చే చంద్రకాంత దీని కుటుంబంవే.

గలిజేరు వేరే కుటుంబం మొక్క. ఆకు మందంగా, నీరు పట్టినట్టు ఉంటుంది. పువ్వుకు పొడుగు కాడ ఉండదు, ఆకు మొదట్లోనే ఒదిగి పూస్తుంది. విత్తనాలు నల్లగా ఉంటాయి. వర్షాలతో వచ్చి ఎండలతో చస్తుంది, అంటే ఏకవార్షికం. దూరంనుంచి చూస్తే రెండూ నేలకు పరుచుకున్న పచ్చని చాపలే. చిక్కంతా పేర్లతో వచ్చింది. తెలుగులో తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు అంటూ ఒక ఊళ్లో దీన్ని, ఇంకో ఊళ్లో దాన్ని చూపిస్తారు. ఉర్దూలో బిస్ఖప్రా అన్నా రెండింటికీ చెల్లుతుంది. తమిళంవాళ్లు మాత్రం అటికమామిడిని మూక్కిరట్టై అనీ, గలిజేరును సారణై అనీ విడివిడిగా పిలుచుకుంటారు. ఈ విషయంలో మనకంటే వాళ్లే నయం. అత్తారుల దుకాణాల్లో ఎండిన వేరు కొనేవారికి నా సలహా ఒకటే. బిస్ఖప్రా అని అడిగి ఊరుకోకండి, బోయర్హావియా వేరు కావాలని అడగండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

యునానీలో బిస్ఖప్రా మిజాజ్ గరం, ఖుష్క్, అంటే వేడి, పొడి. ముదిర్-ఎ-బౌల్‌గా, అంటే మూత్రాన్ని జారీచేసే మందుగా, ముహల్లిల్-ఎ-ఔరామ్‌గా, అంటే వాపును కరిగించేదిగా వాడుతూ వచ్చారు. ఇస్తిస్కా అనే ఉబ్బు వ్యాధిలోనూ, యర్ఖాన్ అంటే కామెర్లలోనూ దీని ప్రస్తావన ఉంది. ఇది ఉత్తి నమ్మకం కాదు. 1920లలోనే కలకత్తాలో డాక్టర్ రామ్‌నాథ్ చోప్రా ఈ మొక్కమీద పరిశోధన చేశారు. పునర్నవీన్ అనే క్షారపదార్థం, దానితోపాటు పొటాషియం లవణాలు ఇందులో దండిగా ఉన్నాయి.

ఆ పొటాషియం దగ్గరే ఆగి ఆలోచించాలి. కిడ్నీలు బాగున్నవారికి పొటాషియం ఎక్కువైతే మూత్రంలో వెళ్లిపోతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అది రక్తంలోనే నిలిచిపోతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. బి.పి.కి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి. ఒకవైపు ఆ మాత్ర, ఇంకోవైపు రోజూ రెండు పూటలా చిక్కటి కషాయం! విచిత్రం ఏమిటంటే, కాళ్లవాపుతో ఈ ఆకును వెతుక్కుంటూ వెళ్లేవారిలో కిడ్నీ జబ్బు ఉన్నవారే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అందుకే వాపు కనబడగానే ఆకు కోయడం కాదు, ముందు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. వాపు గుండెనుంచా, కాలేయంనుంచా, కిడ్నీనుంచా అన్నది తేలకుండా కషాయం ఇచ్చే హకీం దగ్గరకు వెళ్లకండి. ఈ మాట హకీంనైన నేనే అంటున్నాను.

ఇక దిబ్బ సంగతి. కె.జి.యఫ్.లో ఉండేవారికి సయనైడ్ దిబ్బలను పరిచయం చేయనక్కర్లేదు. బయటివారి కోసం రెండు ముక్కలు. గనినుంచి తీసిన రాయిని పిండిలా నూరి, సయనైడ్ నీళ్లలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బురదను నూరేళ్లపాటు ఊరిమధ్యే పోస్తూ వచ్చారు. అలా పేరుకున్నవి 13 దిబ్బలు. మూడు కోట్ల టన్నులకు పైమాటే. 2018లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఇప్పుడు జనం వాటిముందు ఫొటోలు దిగి వెళుతున్నారు. చూడ్డానికి తెల్లటి కొండల్లా అందంగానే ఉంటాయి మరి.

సయనైడ్ ఎండకూ గాలికీ చాలావరకు విరిగిపోతుంది. విరగనివి రాతిలోని లోహాలు. మన గనుల పడమటి పొరల్లో ఆర్సెనిక్ కలిసిన ఖనిజం ఉంది. పిండిగా నూరిన రాతిమీద వాన పడితే గంధకం కలిసిన ఖనిజాలు ఆమ్లంగా మారి, లోహాలను కరిగించి కిందికి తెస్తాయి. ఆ నీరు చేరేది దిబ్బ పాదానికే, అటికమామిడి పచ్చగా కనబడేదీ అక్కడే. తడి ఉంది కాబట్టి మొక్క ఏపుగా ఉంటుంది, చూసి మోసపోతాం. ఆషాఢం గాలి మొదలైతే ఆ తెల్లపొడి ఊరంతా లేస్తుంది. నేలను కరుచుకుని పాకే మొక్క, పైగా నూగు, జిగురు ఉన్న మొక్క కాబట్టి దుమ్ము దీనిమీద మిగతావాటికంటే ఎక్కువ నిలుస్తుంది.

"కడుక్కుంటే పోదా హకీం సాబ్?" అని చాచా అడిగారు. పైనున్న దుమ్ము చాలావరకు పోతుంది. వేరు పీల్చుకున్నది పోదు. మరిగిస్తే ఆర్సెనిక్ ఆవిరైపోదు సరికదా, కషాయం ఇంకేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరే ఆర్సెనిక్ చర్మాన్నీ, నరాలనూ, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. కిడ్నీ కోసం తాగే కషాయమే కిడ్నీని తినేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

ఆ దిబ్బలను మళ్లీ తవ్వి మిగిలిన బంగారం తీయాలన్న ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం అంగీకరించింది. బంగారం సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి. తవ్వకం మొదలైతే దుమ్ము పెరుగుతుందన్నది మాత్రం మన ఇళ్ల సంగతి. దిబ్బ చుట్టుపక్కల ఆకు, పచ్చిక కోయవద్దని నాలుగు భాషల్లో ఒక బోర్డు పెట్టమని మన వార్డు సభ్యులను, మసీదు కమిటీలను, చర్చివారిని, గుడివారిని కలిసి అడిగించాలి. దిబ్బ కింద మేకలు మేపుకునేవారికి కూడా ఇది వర్తిస్తుంది. వారికి వేరే మేత దారి చూపకుండా బోర్డు మాత్రమే పెడితే ఎవరూ చదవరని కూడా తెలుసు.

మరి ఈ ఆకు తినకూడదా? తినవచ్చు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో వానలు పడగానే పొలం గట్లమీది పది రకాల ఆకులు కలిపి వండుతారు, కన్నడంలో దాన్నే బెరకె సొప్పు అంటారు. రాగిముద్దలోకి దానికి మించినది లేదు. ఆ కలగూరలో అటికమామిడి లేతాకు ఒక గుప్పెడు పడితే కిడ్నీలు బాగున్నవారికి ఇబ్బందేమీ లేదు. కూరగా అప్పుడప్పుడు తినడం వేరు, మందుగా రోజూ తాగడం వేరు. గర్భిణులు కషాయం జోలికి వెళ్లవద్దు. పల్లెలో కోసినా రోడ్డు అంచున, మురుగు కాలువ పక్కన, మందు కొట్టిన టమాటా తోట గట్టున కోయవద్దు.

చాచాను రక్తపరీక్షకు పంపాను. పొటాషియం, క్రియాటినిన్ రెండూ ఎక్కువగానే వచ్చాయి. అది కషాయం వల్లనే అని నేను అనలేను. ఆయన బి.పి. మాత్రలు వాడుతున్నారు, కిడ్నీలు ముందే బలహీనపడి ఉండవచ్చు. కషాయం ఆపించి కిడ్నీ డాక్టరు దగ్గరకు పంపాను. మాత్ర మార్చారు, ఇప్పుడు వాపు కొంత తగ్గింది.

మనవడు మాత్రం ఊరుకోలేదు. బేతమంగళం దగ్గర బంధువుల పొలంనుంచి ఒక అటికమామిడి వేరు, రెండు గంపల మట్టి తెచ్చి, సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టాడు. దిబ్బ వైపు గాలి తగలకుండా ఇంటి వెనక గోడవార ఉంచాడు. ఆ ఆకు చాచాకు కాదు, ఇంట్లో మిగతావారి పప్పులోకట.