గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడిగితే



మన గండికోట పిల్లలది క్రికెట్టే. అయితే బతుకుతెరువుకు హైదరాబాద్ వెళ్ళిన మన యౌవనస్థులు కొందరికి అక్కడ ఫుట్‌బాల్ అభిమానం అంటుకుంది. పసుపు చొక్కాలు వేసుకుని గచ్చిబౌలి స్టేడియంకు వెళ్ళి హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటలు చూసేవాళ్ళు. 2024 క్రిస్మస్‌కు వాళ్ళు ఊరొచ్చేసరికి ఆ జట్టు కోచ్ థాంగ్బోయ్ సింగ్టో తప్పుకుని ఎన్నో రోజులు కాలేదు. ఆరాధన అయ్యాక అందరి నోటా ఒకటే మాట, ఆయన స్థానంలో ఎవరు? "మానోలోనే కాళ్ళు పట్టుకోనైనా మళ్ళీ పిలుచుకోని రావాల" అన్నాడొకడు. తాత్కాలికంగా పెట్టిన షమీల్ చెంబకత్‌నే ఉంచాలన్నాడు ఇంకొకడు. "ముందే ఇంకో ఫారిన్ కోచ్‌ను తెచ్చింటే గెలిచింటాం అయ్యగారూ" అని మూడోవాడు మాతో వాపోయాడు.

అంతసేపు సాగిన ఆ వాదనలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. ఆటగాళ్ళకు జీతాలు అందాయా అని.

ఆ జట్టు కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాం. 2019లో పుట్టిన క్లబ్ అది. మొదటి సీజన్‌లోనే అట్టడుగున పడితే 2020 జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తీసేశారు. తర్వాత తీసుకున్న ఆల్బర్ట్ రోకా కొద్ది నెలలకే బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. అప్పుడొచ్చినవాడు స్పెయిన్ దేశస్థుడు మానోలో మార్కెజ్. మొదటి సంవత్సరం ఐదో స్థానమే వచ్చినా ఆయన్ను పంపెయ్యలేదు. రెండో సంవత్సరం, 2022 మార్చి 20న, గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ఆగి పెనాల్టీలకు వెళ్ళింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనది.

ఆ తర్వాత డబ్బు కష్టాలు మొదలయ్యాయి. 2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. జీతాలు అందడం లేదని వార్తలు వచ్చాయి. పాత బకాయిల వల్ల కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పడింది. మార్కెజ్ తర్వాత వచ్చిన కానర్ నెస్టర్ సీజన్ మధ్యలోనే పోయాడు. విదేశీ ఆటగాళ్ళు పోయారు, మనవాళ్ళలోనూ చాలామంది పోయారు. మిగిలిన కుర్రాళ్ళతో జట్టును సింగ్టో చేతిలో పెట్టారు. ఆ 2023-24 సీజన్‌లో 22 ఆటలకు ఒక్కటే గెలుపు, మొత్తం 8 పాయింట్లు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అని వెక్కిరిస్తాం గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు.

నిర్గమకాండము 5వ అధ్యాయం తీసి చదవండి. ఇటుకలకు గడ్డి ఇవ్వడం మానేయమన్నాడు ఫరో. లెక్క మాత్రం ఒక్క ఇటుక కూడా తగ్గకూడదన్నాడు. జనం దేశమంతా తిరిగి కొయ్యకాలు ఏరుకున్నారు. లెక్క తగ్గింది. అప్పుడు దెబ్బలు తిన్నదెవరు? ఇశ్రాయేలీయుల్లోనుంచే పెట్టిన నాయకులు, అంటే మేస్త్రీలు. గడ్డి ఆపినవాడు సింహాసనం మీదే ఉన్నాడు. ఆ రోజు ఆ మేస్త్రీలను మార్చి కొత్తవాళ్ళను పెట్టినా ఇటుకల లెక్క పెరిగేది కాదు. కొత్తవాళ్ళ వీపులు వాచేవి, అంతే.

గడ్డి ఉన్నచోట సంగతి వేరు. సన్‌రైజర్స్‌నే చూడండి. 2021 నుంచి 2024 దాకా ఏడాదికొక కోచ్: బేలిస్, మూడీ, లారా, వెట్టోరి. నాలుగోసారి ఫైనల్ చేరారు. అయితే ఆ ఏడే కమిన్స్ కోసం 20.5 కోట్లు పెట్టారు కూడా. ఇంకా వెనక్కి వెళ్తే మన రహీమ్ సాహెబ్ ఉన్నారు, 'మైదాన్' సినిమా చూసినవారికి తెలుసు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1963లో చనిపోయేదాకా ఆయనే నడిపారు. వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించారు. ఆయన గొప్పతనంలో సందేహం లేదు. కానీ ఆ ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో పొయ్యి మీదకు గింజలున్నాయా అన్న దిగులుతో మైదానంలోకి దిగలేదు వాళ్ళు.

అలాగని నాయకుణ్ణి ఎప్పుడూ మార్చకూడదని మేము అనడం లేదు. సౌలు కోసం ఎంతకాలం దుఃఖిస్తావని దేవుడే సమూయేలును అడిగి, కొమ్ములో నూనె నింపుకుని బేత్లెహేముకు పొమ్మన్నాడు. అయితే సౌలుకు సైన్యముంది, సామగ్రి ఉంది, జనం వెంట ఉన్నారు. అన్నీ ఉండి మాట వినలేదు. మోషే సంగతి అది కాదు. ఈ జనమంతటినీ ఒంటరిగా మోయలేను, దానికంటే నన్ను చంపెయ్యి అని దేవునితో మొరపెట్టుకున్నాడు (సంఖ్యాకాండము 11). దేవుడు మోషేను మార్చలేదు. డెబ్బైమంది పెద్దలను పోగుచేయించి, ఆ బరువును వాళ్ళ భుజాల మీద కూడా పెట్టాడు. మన ముందున్నది సౌలా, మోషేనా అని తేల్చుకోకుండా కొత్తవాడి పేరు వెతకడం తొందరపాటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సంఘంలో సండే స్కూల్ టీచరమ్మను మార్చాలన్న మాట నడుస్తోంది. పిల్లలకు వాక్యాలు రావడం లేదట. నిజమే, రావడం లేదు. అయితే ఆమెకు పోయిన ఏడాది పాఠాల పుస్తకాలు ఎవరమూ తెచ్చివ్వలేదు. పిల్లలు కూర్చునే చాప చిరిగిపోయింది. శనివారం పొద్దుగూకేదాకా శనగ చేలో కూలి చేసి, ఆదివారం తెల్లవారుజామున లేచి నలభైమంది పిల్లలను ఒక్కతే చూసుకుంటుంది. ఆమె స్థానంలో ఎవరు అని ఇప్పటికి ముగ్గురి పేర్లు మా దాకా వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఒక్క ఆదివారం వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నట్టు మాకు తెలియదు. (అయ్యగారు తన కానుక కోసమే ఈ జీతాల ప్రసంగం ఎత్తుకున్నారని నవ్వుకునేవారికి చెబుతున్నాం: మా సంగతి మరోసారి చూద్దాం, ముందు ఆమె సంగతి చూడండి.)

హైదరాబాద్ జట్టు చివరికి ఏమైందో కూడా చెప్పాలి. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కోచ్ ఎవరని మన పిల్లలు పోట్లాడుకున్న జట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూడుతుంది. టీచరమ్మ మార్పు విషయం చర్చకు ఉంది. దానికంటే ముందు పుస్తకాల లెక్క, చాప లెక్క, ఆమెకు తోడుగా ఆదివారాలు వచ్చేవారి పేర్లు రాయాలని సెక్రటరీగారికి చెప్పాం. రాగలిగినవారు ఆయన దగ్గర పేరు ఇవ్వండి.